ఇంగ్లండ్‌లో బడి హాజరు అధికారి: 1870 నుంచి నేటి దాకా

ఇంగ్లండ్, వేల్స్‌లలో బడి హాజరు అధికారి పదవి 1870 నాటి ప్రాథమిక విద్యా చట్టంతో పుట్టింది. విలియం ఫోర్‌స్టర్ పార్లమెంటులో గట్టెక్కించిన ఈ చట్టం, బడులు చాలని చోట్ల స్కూలు బోర్డులను ఎన్నుకునే ఏర్పాటు చేసింది. పిల్లలంతా బడికి వచ్చి తీరాలని మాత్రం అనలేదు. అయిదేళ్ల నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలకు హాజరు తప్పనిసరి చేస్తూ నిబంధనలు పెట్టుకునే అధికారం బోర్డులకు ఇచ్చి ఊరుకుంది. ఆ నిబంధనలను అమలు చేయడానికి, అవసరమనిపిస్తే, అధికారులను నియమించుకోవచ్చని 36వ సెక్షనులో చిన్న వెసులుబాటు ఉంది. ఈ పదవికి చట్టంలో ఉన్న పునాది అంతే.

అంతకుముందు హాజరు బాధ్యత వేరేవాళ్ల మీద ఉండేది. 1833 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో పనిచేసే పిల్లలకు రోజుకు రెండు గంటల చదువు ఉండాలంది. 1844 చట్టం ఒక పూట పని, ఒక పూట బడి అనే పద్ధతి తెచ్చింది. వీటిని చూసుకోవలసింది మిల్లు యజమాని, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు. 1862 నుంచి బడికిచ్చే ప్రభుత్వ గ్రాంటును పిల్లల హాజరుకూ పరీక్షా ఫలితాలకూ ముడిపెట్టారు. దాంతో హాజరు పట్టీ పంతులుగారి జీతం పట్టీ అయింది. అయినా పంతులు బడి గుమ్మం దాటి వెళ్లి పిల్లవాణ్ణి పిలుచుకు రాలేడు. అందుకు వేరే మనిషి కావాలి.

ఆ మనిషిని అందరికంటే పెద్ద ఎత్తున పనిలో పెట్టింది లండన్ స్కూలు బోర్డు. అక్కడ అతణ్ణి ‘విజిటర్’ అన్నారు. జనం మాత్రం ‘బోర్డు మనిషి’ అన్నారు. 1872లో దేశమంతటికీ ఒకేసారి నిర్బంధ విద్య ప్రకటించిన స్కాట్లండ్‌లో ‘విప్పర్-ఇన్’ అన్నారు. వేటలో గుంపు విడిచిపోయే కుక్కలను మళ్లించి తెచ్చేవాడికి ఆ పేరు. మన చట్టసభల్లో పార్టీ సభ్యులను వోటింగు వేళకు పోగుచేసే ‘విప్’ అన్న మాటా అదే వేట నుంచి వచ్చింది. పేరులోనే జనం అభిప్రాయం తెలుస్తుంది.

విజిటర్ పని తలుపు తట్టడంతో కాదు, జాబితా రాయడంతో మొదలయ్యేది. తనకు అప్పగించిన వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి ప్రతి పిల్లవాడి పేరు, వయసు, చదివే బడి, తండ్రి చేసే పని రాసుకునేవాడు. బడి ఈడుకు ఇంకా రెండు మూడేళ్లు తక్కువున్న పసివాళ్లను కూడా ముందే చేర్చుకునేవాడు. అద్దె కట్టలేక కుటుంబాలు రాత్రికి రాత్రి గదులు మారే తూర్పు లండన్‌లో ఈ జాబితా రాసిన మర్నాటికే పాతబడేది. తర్వాత బడుల నుంచి వచ్చే గైర్హాజరు పట్టీలు చూసుకుని ఆయా ఇళ్లకు వెళ్లేవాడు. మాటతో పని కాకపోతే ‘ఎ’ నోటీసు, అదీ పనిచేయకపోతే ‘బి’ నోటీసు. రెండోది అందిన తల్లిదండ్రులు బోర్డు ప్రతినిధుల ఎదుటికి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి. చివరి మెట్టు మేజిస్ట్రేటు కోర్టు. 1870 చట్టం ప్రకారం జరిమానా, ఖర్చులతో కలిపి, అయిదు షిల్లింగులు మించకూడదు. చాలా జిల్లాల్లో పొలం కూలీకి వారానికి పదిహేను షిల్లింగులు కూడా రాని రోజులవి. ఆ కూలికి అయిదు షిల్లింగులంటే చిన్న మొత్తం కాదు, కానీ పిల్లవాడు ఏడాదంతా తెచ్చే సంపాదనతో పోలిస్తే చిన్నదే. ఈ లెక్క చాలామంది తల్లిదండ్రులకు తెలుసు.

బడికి రాకపోవడానికి చట్టం మూడు కారణాలను ఒప్పుకుంది: వేరే విధంగా చదువుతూ ఉండటం, జబ్బు లేదా తప్పించుకోలేని మరో అడ్డంకి, మూడు మైళ్ల లోపు బడి లేకపోవడం. అధికారికి గడప దగ్గర వినబడినవి ఎక్కువగా ఈ జాబితాలో లేనివి. కాళ్లకు బూట్లు లేవు. సోమవారం బట్టలుతికే రోజు కాబట్టి పెద్దపిల్ల చంటివాణ్ణి ఎత్తుకోవాలి. పల్లెల్లో కోతలు, బంగాళాదుంపల తవ్వకం, పొలంలో రాళ్లేరడం ఉండేవి. సెప్టెంబరు వస్తే తూర్పు లండన్ కుటుంబాలు పిల్లాజెల్లాతో కెంట్ జిల్లాకు హాప్ కాయలు కోయడానికి వెళ్లిపోయేవి. వాళ్లకు అదొక్కటే ఊరి గాలి, అదొక్కటే అదనపు కూలి. వీటన్నిటికీ మించిన చిక్కు ఫీజు. బడికి వారం వారం పెన్నీలు కట్టాలి. బీదవాళ్లకు మినహాయింపు ఇచ్చే వీలున్నా, దానికోసం తన బీదతనాన్ని పరాయివాళ్ల ముందు రుజువు చేసుకోవాలి. రావడం తప్పనిసరి చేసి, రావడానికి డబ్బులు అడిగిన ఈ పద్ధతి 1891లో ఫీజు గ్రాంటు వచ్చేదాకా ఇరవై ఏళ్లు సాగింది. ఆ ఇరవై ఏళ్లూ ఆ వైరుధ్యానికి సమాధానం చెప్పవలసి వచ్చింది చట్టం రాసినవాళ్లు కాదు, తలుపు తట్టినవాడు.

స్కూలు బోర్డులు లేని పల్లెల కోసం 1876లో లార్డ్ శాండన్ చట్టం హాజరు కమిటీలను పెట్టింది. పదేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదంది. పదేళ్లు దాటినవాళ్లు పనికి వెళ్లాలంటే చదువులో తేలినట్టు సర్టిఫికెట్ ఉండాలి. లేదా అయిదేళ్ల పాటు ఏడాదికి 250 పూటలు హాజరైనట్టు ఉన్నా సరే. ఈ రెండోదానికి జనం పెట్టిన పేరు ‘మొద్దుల పాసు’. పాఠం వచ్చిందా లేదా అన్నది వదిలేసి వచ్చి కూర్చున్న పూటలు లెక్కపెట్టే అలవాటు చట్టంలోకి ఎక్కింది అప్పుడే. 1880లో ముండెల్లా చట్టం నిబంధనలు పెట్టుకోవడాన్ని అన్నిచోట్లా తప్పనిసరి చేసింది. అయిదు నుంచి పదేళ్ల పిల్లలకు బడి దేశమంతటా నిర్బంధమైంది. ఆ పరిమితి 1893లో పదకొండుకు, 1899లో పన్నెండుకు పెరిగింది.

పల్లెల్లో అధికారి బలహీనుడు. బీదలకు సహాయం పంచే ఉద్యోగికే ఈ పనీ తగిలించడం మామూలు. పిల్లల్ని పొలంలో పెట్టుకున్న రైతు కమిటీలో సభ్యుడు, అతని భూస్వామి మేజిస్ట్రేటు. ఇక కేసు ఎవరి మీద పెట్టాలి? అందుకే చాలా బడులు కోతల ప్రకారం సెలవులు మార్చుకుని రాజీ పడ్డాయి. నగరాల్లో అధికారికి వెనక బోర్డు ఉండేది. మాట వినని పిల్లల కోసం ఇండస్ట్రియల్ స్కూళ్లు ఉండేవి. బడి ఎగ్గొట్టేవాళ్ల కోసమే లండన్ బోర్డు 1878లో హోమర్టన్‌లో అప్టన్ హౌస్ అనే ఆవాస పాఠశాల తెరిచింది. మరోవైపు ఒక్క పూట కూడా తప్పని పిల్లలకు పతకాలు పంచింది.

ఈ ఉద్యోగుల చేతిలోని జాబితాలు వాళ్లను నియమించినవాళ్లు ఊహించని చోట ఉపయోగపడ్డాయి. ఓడల వ్యాపారి చార్ల్స్ బూత్ 1886లో లండన్ పేదరికాన్ని కొలవాలనుకున్నాడు. ఇంటింటికీ మనుషుల్ని పంపే బదులు, ఇళ్లన్నీ ఇదివరకే తెలిసినవాళ్లను కూర్చోబెట్టి అడగడం మేలనుకున్నాడు. ఈ సలహా జోసెఫ్ చాంబర్లేన్ నుంచి వచ్చిందని బియాట్రిస్ వెబ్ తర్వాత రాసింది. టవర్ హామ్లెట్స్ ప్రాంతంలో ఒక్కొక్క విజిటర్‌తో సగటున ఇరవై గంటల చొప్పున బూత్ బృందం మాట్లాడింది. వాళ్లు తమ పుస్తకాలు తెరిచి ఇల్లు తర్వాత ఇల్లు, గది తర్వాత గది చెప్పుకుపోయారు. ఆ సమాచారం మీద కట్టిన తొలి సంపుటం 1889లో వెలువడింది. వీధుల్ని ఆర్థిక స్థితిని బట్టి నలుపు నుంచి పసుపుపచ్చ దాకా రంగులు వేసి చూపిన పటాలు ఈ పనిలో భాగమే. లండన్ జనాభాలో 30.7 శాతం పేదరికంలో ఉన్నారని చివరికి తేలింది. పేదరికం సోమరితనం ఫలితమనే వాదాన్ని గట్టిగా కదిలించిన ఈ లెక్క, పిల్లల్ని బడికి పట్టుకెళ్తాడని జనం తిట్టుకున్న మనిషి నోటిమాట నుంచి వచ్చింది. సామాజిక శాస్త్రం అతనికి ఉన్నంత బాకీ ఇంకే చిన్న ఉద్యోగికీ లేదేమో.

1902 చట్టం స్కూలు బోర్డులను రద్దుచేసి స్థానిక ప్రభుత్వాలకు విద్యను అప్పగించింది. అధికారి కొత్త యజమాని కిందికి మారాడు, పని స్వభావమూ మెల్లగా మారింది. 1906లో బడి పిల్లలకు భోజనం పెట్టే అధికారం, 1907లో వైద్య పరీక్షలు చట్టంలోకి వచ్చాయి. గడప దగ్గర ముప్పై ఏళ్లుగా వినబడుతున్న కారణాలకు ప్రభుత్వం ఇప్పుడు ఒక్కొక్కటిగా జవాబు చెప్పడం మొదలెట్టింది. 1918 ఫిషర్ చట్టం బడి వయసును పద్నాలుగుకు పెంచి, ఒక పూట పని పద్ధతికి ముగింపు పలికింది. పిల్లలు చేసే చిల్లర ఉద్యోగాలకు అనుమతులు చూసే పనీ హాజరు అధికారుల చేతికి చేరుతూ వచ్చింది.

1944 బట్లర్ చట్టంలో తల్లిదండ్రుల కర్తవ్యాన్ని చెప్పేది కూడా, యాదృచ్ఛికంగా, 36వ సెక్షనే: పిల్లల్ని బడికి పంపి గానీ, మరో విధంగా గానీ చదివించాలి. బడి వయసు 1947లో పదిహేనుకు, 1972లో పదహారుకు పెరిగింది. యుద్ధం తర్వాత పదవి పేరు ‘విద్యా సంక్షేమ అధికారి’గా స్థిరపడింది. 1973లో వచ్చిన రాల్ఫ్స్ నివేదిక వీళ్ల పని సమాజసేవ వృత్తికి చెందినదేననీ, శిక్షణ కూడా ఆ స్థాయిలో ఉండాలనీ చెప్పింది. 1989 బాలల చట్టం, మళ్లీ 36వ సెక్షనులోనే, కేవలం బడికి రావడం లేదన్న కారణంతో పిల్లవాణ్ణి ఇంటి నుంచి వేరుచేసే దారికి బదులు విద్యా పర్యవేక్షణ ఉత్తర్వును తెచ్చింది.

సంక్షేమం పేరు వచ్చినంత మాత్రాన శిక్ష పోలేదు. 2000 తర్వాత మరింత పెరిగింది. 2002లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో పిల్లల గైర్హాజరుకు ఒక తల్లిని జైలుకు పంపారు. 2003 చట్టం కోర్టుకు వెళ్లకుండానే జరిమానా నోటీసు ఇచ్చే పద్ధతి తెచ్చింది. బడి రోజుల్లో కూతుర్ని ఫ్లోరిడా యాత్రకు తీసుకెళ్లిన తండ్రి కేసులో సుప్రీంకోర్టు 2017లో, ‘క్రమంగా’ హాజరవడమంటే ఎక్కువ రోజులు రావడం కాదనీ, బడి నియమాల ప్రకారం రావడమనీ తేల్చింది. హాప్ తోటలకు వెళ్లిన కుటుంబాలతో పోలిస్తే ఇది తారుమారైన బొమ్మ. అప్పటి గైర్హాజరు కూలి కోసం, ఇది సెలవుల కోసం. అయితే కొవిడ్ తర్వాత పెరిగిన గైర్హాజరు ఎక్కువభాగం ఈ విహారయాత్రల తరహాది కాదు. పది శాతం పూటలు, అంతకు మించి తప్పే పిల్లల వాటా 2018-19లో 10.9 శాతం ఉండగా 2021-22లో 22.5 శాతానికి చేరింది. జబ్బులు, ఆందోళన, బడంటే బెరుకు దాని వెనక ఉన్నాయి. 2024 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన మార్గదర్శకాలు ముందు సాయం, తర్వాతే చట్టం అంటూనే, జరిమానాను 160 పౌండ్లకు, 21 రోజుల్లో కడితే 80కి పెంచాయి. పది బడి వారాల్లో పది పూటలు తప్పితే నోటీసు గురించి ఆలోచించాలి. లెక్క నేటికీ పూటల్లోనే, మొద్దుల పాసు నాటి లాగే.

ఈ ఇంగ్లిషు నమూనా భారతదేశానికి గోపాలకృష్ణ గోఖలే ద్వారా వచ్చింది. 1911లో ఆయన కేంద్ర శాసనమండలిలో పెట్టిన ప్రాథమిక విద్యా బిల్లు 1870, 1876 చట్టాలనూ, 1892 నాటి ఐర్లండ్ చట్టాన్నీ ఆధారం చేసుకుంది. 1912లో అది అనుకూలంగా 13, వ్యతిరేకంగా 38 వోట్లు పడి వీగిపోయింది. 1920 మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలకు నిర్బంధ విద్య పెట్టే వీలు కల్పించింది. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. ఇంగ్లండ్‌లో 1870లో జరిగినట్టే ఇక్కడా చట్టం ‘పెట్టుకోవచ్చు’ అంది; కానీ 1880లో అక్కడ వచ్చిన ‘పెట్టి తీరాలి’ ఇక్కడ రావడానికి 2009 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన విద్యాహక్కు చట్టం పదో సెక్షనులో పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల కర్తవ్యమంది, తప్పితే శిక్ష మాత్రం పెట్టలేదు. బాధ్యతను ప్రభుత్వం మీదే మోపింది. ఇళ్ల చుట్టూ తిరగడానికే నియమించిన ఉద్యోగి అందులో లేడు. ఆ పని పాఠం చెప్పే ఉపాధ్యాయుల మీదే పడింది. ఏటా జూన్‌లో బడిబాట పేరుతో వాడల్లో తిరిగి, బడి ఈడు పిల్లల జాబితా రాసుకునేది వాళ్లే.