దోమలో దాగిన బ్యాక్టీరియా చరిత్ర: ఊరివాళ్లను ఎవరు అడిగారు?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు పట్టుకున్నది హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమల్లో. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు అసలు విషయం. మన గంగవరంలో మురుగు కాలువ పక్కన రాత్రిపూట కుట్టేది క్యూలెక్స్ దోమ. బోదకాలు మోసేదీ అదే. దాని కణాల్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురముంటుంది, తల్లి దోమ గుడ్డు నుంచే పిల్లలకు వస్తుంది. 1924లో, అంటే మన్యంలో అల్లూరి సీతారామరాజుని కాల్చి చంపిన ఏడాదే, హెర్టిగ్, వోల్బాక్ అనే ఇద్దరు దీన్ని అమెరికాలో కనిపెట్టారు.

ఈ బ్యాక్టీరియా ఉన్న మగదోమ, అది లేని ఆడదోమతో కలిస్తే గుడ్లు పొదగవు. రెండింటిలో వేర్వేరు రకాలున్నా చాలాసార్లు అంతే. 1967లో రంగూన్ దగ్గర ఓక్పో అనే ఊళ్లో లావెన్ అనే శాస్త్రవేత్త వేరే రకం మగదోమల్ని వదిలి, అక్కడి క్యూలెక్స్‌ని అంతం చేశాడు. దీనికి కారణం వోల్బాకియానే అని 1971లో తేలింది.

అదే పద్ధతిని 1970ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐసీఎంఆర్ కలిసి అమెరికా నిధులతో ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్లలో పరీక్షించాయి. తర్వాత సోనీపట్‌లో ఏడిస్ దోమల్ని వదలాలనుకున్నారు. ఇది జీవాయుధాల కోసమేమో అని పత్రికల్లో గొడవ లేచింది. పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ కూడా తప్పుపట్టింది. 1975లో అంతా ఆగిపోయింది. జనానికి నమ్మకం లేకపోతే ఎంత మంచి శాస్త్రమైనా నిలబడదు.

డెంగ్యూ మోసే ఏడిస్ ఈజిప్టైలో వోల్బాకియా సహజంగా ఉండదు. పండ్ల ఈగ నుంచి తీసి ఎక్కిస్తే ఆ దోమలో డెంగ్యూ వైరస్ సరిగ్గా పెరగదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో ముందు జనంతో మాట్లాడి, ఒప్పించాకే ఇలాంటి దోమల్ని వదిలారు. డెంగ్యూ 77 శాతం తగ్గిందని 2021లో ఫలితం వచ్చింది. 2022లో పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా ఇలాంటి దోమల్ని తయారుచేసినట్టు చెప్పింది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇది డెంగ్యూకి. ఏజెన్సీలో మనవాళ్లని పీల్చి పిప్పిచేసిన మలేరియాని మోసేది అనాఫిలిస్, అది వేరే దోమ. కాబట్టి దోమతెర, మందు పిచికారీ, రక్తపరీక్ష మానకూడదు.

రేపు మన ఊరికి వస్తే గ్రామసభలో అడుగుదాం: ఏ దోమ? ఏ జబ్బుకి? డబ్బు ఎవరిది? నష్టం జరిగితే ఎవరు చూస్తారు? జవాబు మన భాషలో, మన పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చెప్పమందాం. మీరేమంటారో కింద రాయండి.