జూయీ గుడ్డలు, కాళహస్తి కలం

పారిస్ నగరానికి చేరువనున్న జూయీ అనే ఊరిలో పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో అచ్చయిన నూలుగుడ్డలు నేటికీ ప్రదర్శనశాలలలో ఉన్నవి. తెల్లని గుడ్డమీద ఒకే ఎరుపు. అందులోనే చెట్లు, శిథిలమైన కట్టడాలు, గొర్రెల కాపరులు. దూరపు కొండకు పలుచని గీతలు, దగ్గరి చెట్టుకు దట్టమైన గీతలు. హుయే వంటి చిత్రకారులు గీసిన దృశ్యాన్ని రాగిరేకుపై సన్నని గాళ్లుగా చెక్కేవారు. 1797 నుండి రాగి రోలరు కూడా వచ్చి పని వేగం పెరిగినది.

అచ్చు వేసినది ఎర్రరంగే అనుకుంటాము. కాని ఆ గాళ్లలో నింపినది పటికతో చేసి, జిగురుతో చిక్కబరచిన ద్రవం. తరువాత గుడ్డను మంజిష్ఠజాతి వేరు కాగే తొట్టిలో ముంచితే, పటికలోని అల్యూమినియం ఉన్నచోట వేరులోని అలిజరిన్ దానితో కలిసి, ఉతికినా పోని ఎరుపు అవుతుంది. మిగిలినచోట అంటిన లేతరంగు కడిగి పచ్చికపై ఆరబెడితే విరిగిపోతుంది.

ఈ కిటుకు ఫ్రాన్సులో పుట్టినది కాదు. మన అద్దకాల పోటీకి జంకి ఆ దేశం 1686లో వాటిని నిషేధించినది. 1759 వరకు నిషేధం తొలగలేదు. ఈలోగా 1734 ప్రాంతంలో బోల్యూ అనే నౌకాధికారి పుదుచ్చేరిలో ఈ పనిని చూచి, దశదశకు ఒక గుడ్డముక్క దాచి, అంతా వ్రాసుకున్నాడు. 1742లో, తెలుగు నేర్చిన జెసూట్ గురువు కూర్దూ, క్రైస్తవులైన అద్దకపువారిని అడిగి తెలిసికొన్నది లేఖగా పంపాడు. విద్య చెప్పినవారికి ఏమి దక్కినదో ఊహించుకోవచ్చు! జూయీలో ఓబర్‌కాంఫ్ కార్ఖానా 1760లో వెలసినది.

అదే రసాయనం తిరుపతికి దగ్గరి శ్రీకాళహస్తిలో కలంకారీగా నిలిచినది. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును ప్రక్కలకు పాకనీయదు. వెదురుపుల్లకు ఉన్ని చుట్టినదే కలం. రాగిరేకు ఊసే లేదు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవేసి తీసిన ద్రవంతో గీత గీస్తే, కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి అప్పటికప్పుడు నల్లబడుతుంది. ఎరుపు కావలసినచోట పటికనీరు పూసి, స్వర్ణముఖిలో కడిగి, చిరివేరుతోనో మంజిష్ఠతోనో కాచేవారు. కడగడానికి పారే నీరే కావాలి. నిలువనీటిలో వదలిన పటిక తెల్లనిచోట అంటుకొని బొమ్మను చెరుపుతుంది. ఏటిలో ఇసుకే కనబడే నెలలలో పనివాని అవస్థ చెప్పనక్కరలేదు.

జూయీ కార్ఖానా 1843లో మూతపడినది. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేయగా, అక్కడి మంజిష్ఠ పొలాలకు, ఇక్కడి చిరివేరుకు ఒకేసారి గిరాకీ పడిపోయినది. శ్రీకాళహస్తిలో కలం పట్టేవారు వేళ్లమీద లెక్కించదగినంతగా తగ్గిన దశలో, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివర అక్కడ శిక్షణకేంద్రం ఏర్పడినది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అందులో కొత్తవారికి కరక్కాయనీరు కలపడం మొదలు అన్నీ నేర్పాడు.