రిమోటుకు పాఠం చెప్పడం

మీ ముందుగదిలో టీపాయ్ మీద ఎన్ని రిమోట్లు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. టీవీకి ఒకటి, సెట్‌టాప్ బాక్సుకు ఒకటి, పాటల స్పీకర్లకు ఇంకొకటి, ఏసీ ఉన్నవారికి మరొకటి. మధ్యాహ్నం పనంతా తెముల్చుకుని ఓ అరగంట కూర్చుందామని ఏదో మీట నొక్కుతారు. తెరంతా నీలంగా అయి కూర్చుంటుంది. ఇక సాయంత్రం పిల్లలు ఇంటికి వచ్చేదాకా అంతే సంగతులు. వచ్చాక వాళ్లు రెండు మీటలు నొక్కి, "ఇంతమాత్రం తెలీదా అమ్మా" అని ఓ మాట విసిరి పోతారు. ఈ మాట పడని ఇల్లాలు మనలో ఎంతమంది?

తెలియకపోవడం సంగతి అలా ఉంచండి. ఇన్ని రిమోట్లు ఎందుకు వచ్చాయి, అన్నింటికీ ఒకటే ఎందుకు సరిపోదు? ఆ కథ వింటే తప్పు మనది కాదని మీరే అంటారు.

అమెరికాలో చికాగో నగరంలో జెనిత్ అనే కంపెనీ రేడియోలు, టీవీలు చేసేది. దాని అధిపతి యూజీన్ మెక్‌డొనాల్డ్‌కు వ్యాపార ప్రకటనలంటే ఒళ్లుమంట. కూర్చున్నచోటి నుంచే వాటి నోరు మూయించే సాధనం కావాలని ఆయన పట్టు. 1950లో ఆ కంపెనీ 'లేజీ బోన్స్' అనే మీటల పెట్టెను తెచ్చింది. మన మాటల్లో 'సోమరిపోతు' అన్నమాట. దాన్ని టీవీకి ఒక తీగతో కలిపారు. గది మధ్య తీగ ఉంటే ఏమవుతుంది? వచ్చేపోయేవాళ్ల కాళ్లకు తగులుకునేది. ఇల్లు ఊడ్చేవాళ్లను ఒక్కరిని అడిగినా ఆ సంగతి ముందే చెప్పి ఉండేవారు!

1955లో అక్కడి ఇంజనీరు యూజీన్ పాలీ తీగ తీసేశాడు. ఆయన చేసింది ఒకరకం టార్చిలైటు. టీవీ తెర నాలుగు మూలలా వెలుతురును పసిగట్టే కళ్లు అమర్చి, ఏ పని కావాలంటే ఆ మూలకు గురిచూసి వెలుగు కొట్టమన్నారు. బాగానే ఉంది కాని, సూర్యుడికి కూడా ఆ మూలలు దొరికాయి. కిటికీలోంచి ఎండ పడితే టీవీ తనంతట తానే చానల్ మార్చేసేది.

మరుసటి ఏడే, 1956లో, వియన్నాలో పుట్టి అమెరికా చేరిన రాబర్ట్ ఆడ్లర్ అనే శాస్త్రజ్ఞుడు వెలుతురు మాని ధ్వనిని పట్టుకున్నాడు. ఆయన రిమోటులో నాలుగు అల్యూమినియం కడ్డీలుండేవి. మీట నొక్కితే చిన్న సుత్తి కడ్డీ చివర టక్కుమని తగిలేది. మన చెవికి అందనంత సన్నని శబ్దం పుట్టేది, టీవీ దాన్ని వినేది. బ్యాటరీ అక్కర్లేదు సుమండీ! అయితే టీవీలో ఆరు వాల్వులు అదనంగా పెట్టాల్సి వచ్చి ధర సుమారు 30 శాతం పెరిగింది. అయినా ధ్వనితో పనిచేసే రిమోట్లే దాదాపు పాతికేళ్లు రాజ్యమేలాయి.

ఇక్కడొక విషయం గమనించండి. నాలుగు కడ్డీలు, నాలుగు పనులు. టీవీని వేయడం-ఆర్పడం, మాట ఆపడం, చానల్ ముందుకు, వెనక్కి. అంతే. చిటికె వేసి పిలిచినట్టు ఒక్క శబ్దం చాలు. రిమోటుకు భాష అవసరం పడలేదు.

భాష అవసరం తర్వాత వచ్చింది. 1974లో బ్రిటన్‌లో బీబీసీ 'సీఫాక్స్' పేరుతో టీవీ తెరమీదే వార్తలు, వాతావరణం చదువుకునే పద్ధతి పెట్టింది. ఏ పేజీ కావాలో అంకెలు నొక్కి అడగాలి. నాలుగు కడ్డీలతో అంకెలెలా చెబుతాం? పోనుపోను రిమోటులో కంటికి కనిపించని పరారుణ కాంతి వచ్చింది. మీట నొక్కినప్పుడల్లా రిమోటు మూతిదగ్గరి చిన్న దీపం సెకనుకు దాదాపు 38 వేలసార్లు మిణుకుతుంది. ఆ మిణుకులను విడతలు విడతలుగా పంపి, "ఫలానా యంత్రమా, ఫలానా పని చెయ్యి" అని కబురు చెబుతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే మొదలైంది. ఫిలిప్స్ వాళ్లు 36 వేల మిణుకులతో ఒక భాష తయారుచేశారు. ఎన్‌ఈసీ వాళ్లది 38 వేలతో వేరే భాష. సోనీ వాళ్లది 40 వేలతో మరొకటి. బల్బు ఏ కంపెనీదైనా మన హోల్డరులో పడుతుంది కదా, అలా ఒప్పందానికి రాలేదు వీళ్లు. కుక్కరు గాస్కెట్ల సంగతి మీకు తెలిసిందే. ఒకరిది ఇంకొకరికి పట్టదు. రిమోట్లూ అలాగే తయారయ్యాయి.

వీసీఆర్లు వచ్చి విదేశాల్లో ఇంటింటా రెండో రిమోటు చేరాక, 1985లో ఫిలిప్స్ వాళ్ల మాగ్నవాక్స్ పేరుతో సార్వత్రిక రిమోటు, అంటే అన్నింటికీ పనికొచ్చే యూనివర్సల్ రిమోటు బజారుకొచ్చింది. 1987లో, యాపిల్ కంప్యూటర్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ 'కోర్' అనే రిమోటు చేశాడు. వేరే రిమోట్ల భాష చూసి నేర్చుకునేది అది, కంప్యూటరుకు కూడా తగిలించవచ్చు. తెలివైనదే కాని సామాన్యులకు కొరుకుడు పడలేదు. చేసినవారికి సులువైనదల్లా వాడేవారికి సులువు కాదు మరి.

మన దగ్గర ఈ బాధ ఆలస్యంగా వచ్చింది. హైదరాబాదు దూరదర్శన్ మొదలైన 1977లో రిమోటన్న మాటే మనం ఎరగం. లేచి వెళ్లి బిరడా తిప్పేవాళ్లం. 2013లో హైదరాబాదు, విశాఖపట్నాలలో కేబుల్ వారికి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయ్యాక ఇంటింటికీ రెండో రిమోటు దిగింది.

ఆ బాక్సు రిమోటులో ఓ మూల 'టీవీ' అని గీతగీసిన నాలుగైదు మీటలు, 'సెట్' అనే మీట ఉన్నాయేమో చూడండి. ఉంటే అది పాఠం నేర్చుకునే రకం. రెండు రిమోట్లలోనూ కొత్త బ్యాటరీలు వేసి, ఎండ తగలనిచోట, మూతీ మూతీ ఎదురుగా రెండంగుళాల ఎడంలో పెట్టండి. ఎర్రదీపం నిలిచి వెలిగేదాకా 'సెట్' నొక్కి ఉంచండి. నేర్పదలచిన మీట ఒకసారి నొక్కి, టీవీ రిమోటులో అదే పనిచేసే మీట నొక్కండి. దీపం మిణికితే పాఠం వంటబట్టినట్టు. చివర మళ్లీ 'సెట్'. ఆన్, మాట పెంచడం, తగ్గించడం నేర్పితే చాలు.

దుకాణంలో దొరికే కొన్నింటిలో నేర్పడం ఉండదు. కంపెనీల పట్టికలోంచి మూడు నాలుగంకెల సంఖ్య వెతికి వేయాలి. అది కుదిరాక ఆ సంఖ్యను కాగితమ్మీద రాసి రిమోటు వెనక అతికించండి. బ్యాటరీ తీస్తే మరిచిపోయే రకాలున్నాయి.

ఎంత నేర్పినా వినకపోతే రిమోటును సెల్‌ఫోను కెమెరా ముందు పెట్టి మీట నొక్కండి. చాలా ఫోన్లలో దీపం లేత ఊదారంగులో కనబడుతుంది. కనబడకపోతే మార్చాల్సింది బ్యాటరీనో, రిమోటునో. నోటిమాటతో నడిచే కొత్త రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌వి గనక ఈ విద్య వాటికి పనికిరాదు.

ఏసీ రిమోటు జోలికి మాత్రం వెళ్లకండి. చల్లదనం ఎంత, గాలి ఎంత అనే లెక్కంతా దాని దగ్గరే ఉంటుంది. ఏ మీట నొక్కినా ఆ లెక్క మొత్తం ఒక్కసారే పంపుతుంది. అందుకని ఒక్కో మీటగా నేర్పబోతే కుదరదు. దాన్ని విడిగా గోడకు తగిలించండి.