గుండ్లకమ్మలో 2,222 మంది

మతమార్పిడి అనే మాట వస్తే చాలు, మనవాళ్ళ వాదన రెండో నిమిషానికే బియ్యం దగ్గరికి చేరుతుంది. కరువులో గింజలు చూపించి కలిపేసుకున్నారని. సాక్ష్యం ఒంగోలు. 1878 జులై 3న అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, అదీ పెద్ద కరువు వెనకాలే. ఇంకేం కావాలి అంటారు. నాకు చర్చితో సంబంధం లేదుగానీ తేదీల విషయంలో మాత్రం కాస్త పట్టింపు వుంది. కాబట్టి వరసగా చూద్దాం.

జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. పాదిరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు (మన జాతే, కొలతల మనిషి). ఆ ఏడాదే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ వ్యాపారి. అంతకు ముందు యోగం నేర్పే గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. అంటే ఏమీ తెలియని అమాయకుణ్ణి ఎవరో వచ్చి మాయ చేశారనడానికి వీల్లేదు. అతని వెనక అతని బంధువులు, వాళ్ళ వెనక మరో పల్లె, అలా పాకింది. ఇదంతా కరువుకి పదేళ్ళ ముందు సంగతి.

చేరినవాళ్ళకి క్లౌ పెట్టిన నియమాలు మూడు. విగ్రహాలకి మొక్కొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, ఆదివారం పని చెయ్యొద్దు. మొదటి రెండూ మతం, ఆచారం అనుకుందాం. మూడోది చూడండి. వెట్టి చేసే మాదిగకి "ఈ రోజు నేను రాను" అనే హక్కు అసలు ఎప్పుడుంది? జాతరకి డప్పు కొట్టననడం, ఆదివారం పొలానికి రాననడం.. ఊళ్ళో కరణానికీ, మునసబుకీ అది భక్తిలా కాదు, తిరుగుబాటులా కనపడింది. బావులు మూశారు, కూలి ఆపారు. బైబిలు చదువుకోవడం దగ్గర మొదలైన వ్యవహారం తిన్నగా ఊరి అధికారం మీదకి వచ్చిపడింది. విశ్వాసాన్ని పౌర జీవితంలో పెట్టడం అని ఇవాళ పెద్ద పెద్ద మాటలు వాడతాం. ఆ పల్లెల్లో దాని అర్థం ఆదివారం ఇంట్లో కూర్చోవడం, దానికి తన్నులు తినడం.

1876లో ధాత కరువు వచ్చింది. సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్దమనిషి, సర్కారు ఖర్చు తగ్గించడానికి, కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాసిని డబ్బులు చాలని తేల్చాడు. అది మనిషికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ గట్టిగా వాదించాడు. అప్పుడే కరువు పని కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నారు. క్లౌ అందులో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే చదువు అక్కరకొచ్చింది. తన ప్రచారకులనే మేస్త్రీలుగా పెట్టాడు. అంటే కొలతలు చూసేదీ, కూలి లెక్క రాసేదీ ఇప్పుడు మాదిగలు. మిగతా చోట్ల కూలీలని మేస్త్రీలు తిట్టి, కొట్టి, కూలిలో కోత పెట్టేవారనీ, తన దగ్గర చెప్పిన కూలి చెప్పినట్టు ఇచ్చామనీ క్లౌ రాసుకున్నాడు. తన గురించి తనే చెప్పుకున్నాడు కాబట్టి కాస్త తగ్గించి చదువుకున్నా, జనం అక్కడికే ఎందుకు పరిగెత్తారో అర్థమవుతుంది.

ఇక అసలు సంగతి. ఆ పదిహేను నెలలూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళు బోలెడు మంది. తిండి కోసం వచ్చారో, దేవుడి కోసం వచ్చారో తేల్చలేనని ఆపేశాడు. వానలు పడి, సాయం నిలిపేసి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాకే, 1878 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాడు. అయినా వచ్చారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర మూడు రోజుల్లో 3,536 మంది. ఆ మధ్య రోజు లెక్కే ఈ 2,222.

అలాగని కరువుకీ, దీనికీ సంబంధం లేదని నేననను. చచ్చిపోయేటప్పుడు నిలబడ్డ మనిషి మీద కృతజ్ఞత వుండదా? వుంటుంది. కానీ కృతజ్ఞత వేరు, ఎర వేరు. ఎర వేసేవాడు చేప నోరు తెరిచినప్పుడు గాలం పక్కన పెట్టి పదిహేను నెలలు కూర్చోడు కదా.

పోనీ వాళ్ళకి ఏం లాభం వచ్చిందో కూడా చూద్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన మాదిగలు ఎస్సీలు కారు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో సవరించారు, వీళ్ళకి లేదు. మన దగ్గర వీళ్ళు బీసీ-సి, వాటా ఒక్క శాతం. దాంతో ఎంతోమంది ఆదివారం చర్చిలో, కాగితం మీద హిందువుగా బతుకుతున్నారు. ఊళ్ళో ఇల్లు మాత్రం రెండు రకాల వాళ్ళకీ మాదిగవాడలోనే.