ఇంటిపోరు, చేజారిన తీరం

పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలి సాగరంలో కలిసే లోపల ఏర్పడిన లంకభూమి దివిసీమ. కోడూరు, హంసలదీవి దాని దక్షిణపు అంచున ఉండగా, ఉత్తరాన మచిలీపట్నం రేవు ఉంది. ఈ తీరం పరాయివారి వశమైన వృత్తాంతం సాధారణంగా ఫ్రెంచి, ఆంగ్ల వర్తక సంఘాల యుద్ధకథగానే చెప్పబడుతుంది. కాని ఆ సంఘాలకు తలుపు తీసింది హైదరాబాదు అసఫ్‌జాహీల ఇంటిపోరే.

1748లో మొదటి నిజాం మరణించగానే ఆయన కుమారుడు నాసిర్ జంగ్, కుమార్తె కొడుకు ముజఫర్ జంగ్ దక్కను సుబేదారీకి, అనగా మొగలు చక్రవర్తి పేరిట నడిచే రాష్ట్రాధికారానికి పోటీపడ్డారు. మేనమామపై నెగ్గలేని మేనల్లుడు పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లే సాయం కోరాడు. ఆ సాయానికి ప్రతిఫలంగా మచిలీపట్నం ఫ్రెంచివారికి దక్కింది. 1750 డిసెంబరులో జింజీ సమీపాన నాసిర్ జంగ్ తన పక్షంలోనే ఉన్న పఠాను నవాబుల కుట్రకు బలి కాగా, రెండు నెలలకే ముజఫర్ జంగ్ కూడా ఆ నవాబులతో జరిగిన పోరులో రాయచోటి ప్రాంతంలో హతుడయ్యాడు. ఆ తరువాత బుస్సీ అనే ఫ్రెంచి సేనాని అండతో గద్దెనెక్కిన నాసిర్ జంగ్ తమ్ముడు సలాబత్ జంగ్, ఆ సేన జీతాల కోసం 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను, అంటే నాటి పెద్ద రెవెన్యూ విభాగాలను, ఫ్రెంచివారికి అప్పగించాడు. ఒక వారసుడు గద్దె నిలుపుకోవడానికి చెల్లించిన వెల ఈ విధంగా రైతుల శిస్తు రూపంలో తీరాంధ్రపై పడింది.

ఇంటిపోరు ఎంత నష్టం తెస్తుందో 1759 నాటి బందరు (మచిలీపట్నం) కోట ముట్టడిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆంగ్ల సేనాని ఫోర్డు వద్ద ఉన్న బలగం కోటలోని ఫ్రెంచి బలగం కంటె తక్కువ, మందుగుండు అడుగంటింది, సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ వరకు వచ్చి ఉన్నాడు. అయినా ఏప్రిల్ 7 రాత్రి, ఆటు వేళ కందకంలో నీరు తగ్గే సమయం చూసి, ఫోర్డు సైనికులు కోటలో ప్రవేశించి తెల్లవారేసరికి దానిని వశపరచుకున్నారు. కోటను తిరిగి పట్టుకోగల సైన్యం ఉండి కూడా సలాబత్ జంగ్ పోరాటానికి దిగలేకపోయాడు. ఎందుకంటే అదే సమయంలో తమ్ముడు నిజాం అలీ హైదరాబాదుపై కన్నువేసి కదిలాడు. వెనుక నుంచి సొంత తమ్ముడే తరుముకొస్తుండగా, అతడు మే 14న ఆంగ్లేయులతో సంధి చేసుకొని మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాలను వారికి ధారాదత్తం చేశాడు.

తమ్ముడికీ దీనివల్ల ఒరిగినదేమీ లేదు. అన్నను పదవి నుంచి తొలగించి ఖైదు చేసిన నిజాం అలీ, ఆ అన్న 1763లో మరణించిన మూడేళ్లకే, 1766లో, ఏటా కొంత పేష్కషు (కప్పం) చెల్లిస్తామన్న మాటపై ఉత్తర సర్కారులు అనే పేరు గల ఆ తీరాంధ్ర సర్కారులను ఆంగ్లేయులకు వదులుకోవలసి వచ్చింది. పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత ఈ వంశానికి అక్షరాలా వర్తిస్తుంది.

బలమైన శత్రువు ఎదురైనప్పుడు ఓడిపోవడం ఏ వంశానికైనా సంభవించవచ్చు. కాని ఎదిరించే శక్తి ఉండి కూడా, తోబుట్టువును అదుపు చేయడానికే ఆ శక్తిని ఖర్చు పెట్టుకున్న వంశం తన ఓటమికి తానే బాధ్యత వహించాలి. ఆ కలహంలో ఏ పాత్రా లేని దివిసీమ రైతులు, బందరు నేతగాళ్లు తరతరాలు దాని ఫలితాన్ని అనుభవించవలసి రావడం ఈ చరిత్రలోని అతి పెద్ద అన్యాయం.