భిలాయికి ముందటి ఇనుము

భిలాయి చరిత్రను 1955లో మొదలుపెట్టడం మన పాలకులకు అలవాటు. ఆ ఏడాది సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. తెలుగువారితో సహా దేశం నలుమూలల నుంచి కార్మికులు తరలివచ్చారు. ఈ కథలో అబద్ధం లేదు; అయితే ఆ నేల కథలో ఇది ఇటీవలి అధ్యాయం మాత్రమే.

దుర్గ్ నుంచి మరోదా మీదుగా దల్లీ రాజహరా ఇనుప గనులకు సాగే రైలుమార్గం బాలోద్ ప్రాంతాన్ని దాటుతుంది. అక్కడి కర్కాభాట్, ధనోరా, సోరర్ పరిసరాల్లో బృహత్ శిలాయుగపు సమాధులు, నిలువురాళ్లు ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో రాకాసిగుళ్లుగా పిలిచే సమాధులదీ ఇదే సంప్రదాయం. 1990ల ఆరంభంలో పురావస్తు శాస్త్రవేత్త ఎ.కె. శర్మ కర్కాభాట్‌లో తవ్వకాలు జరపగా ఇనుప వస్తువులు లభించాయి. అంటే, కర్మాగారం రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఈ ప్రాంతానికి ఇనుముతో పరిచయం ఉంది.

ఆ విద్య సమాధులతో అంతరించలేదు. ఉత్తరాన మైకల్ కొండల్లో అగరియాలు మట్టి కొలుములలో ఇనుము తీస్తూనే వచ్చారు. వెరియర్ ఎల్విన్ 1942లో వారిపై గ్రంథం వెలువరించే నాటికే అడవి చట్టాలు, కొలిమి పన్నులు, దిగుమతి ఇనుము ఆ వృత్తిని క్షీణింపజేశాయి. ఈలోగా 1887లో భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ దల్లీ, రాజహరా కొండల ఖనిజాన్ని ప్రభుత్వ నివేదికలకు ఎక్కించారు. ఖనిజానికి అధికారిక గుర్తింపు దక్కింది. ఇనుము తీసే విద్యకు దక్కలేదు.

నీటి కథా అంతే. బ్రిటిష్ పాలనలో వరి సాగు కోసం నిర్మించిన తాందులా జలాశయపు నీరు, తరువాత మరోదా జలాశయానికి చేరి ఉక్కు కర్మాగారం అవసరాలు తీర్చింది.

ఒక ప్రాంతపు భూమి, నీరు, వృత్తులు కలిసి ఎలా మారాయో చెప్పగలిగేది పురావస్తు పరిశోధనే. 1958 నాటి చట్టం జాతీయ ప్రాముఖ్యం ఉన్నట్లు ప్రకటించిన కట్టడాలకు, స్థలాలకు రక్షణ కల్పిస్తుంది. ఆ జాబితాకెక్కని సమాధి రాయి నాగలికో, రోడ్డు కంకరకో బలి కావచ్చు. గని, రహదారి, కాలనీ ఏదైనా అనుమతికి ముందే గ్రామాలవారీ పురావస్తు సర్వే తప్పనిసరి కావాలి. ఒకసారి పెకలించిన సమాధిని తిరిగి చదవడం ఎవరి తరమూ కాదు.