పుస్తకాల గదిలో మొదలైన రాజకీయం

తెలంగాణ ఆధునిక రాజకీయ చరిత్రను చాలామంది సాయుధ పోరాటంతోనో, 1948 నాటి పోలీసు చర్యతోనో మొదలుపెడతారు. నిజానికి దాని తొలి అధ్యాయం ఒక గ్రంథాలయంలో ఉంది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో, రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రేరణ, మునగాల రాజా నాయని వెంకట రంగారావు అండ దానికి తోడయ్యాయి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం ఆ బాటనే నడిచాయి.

సంస్థానంలో అత్యధికుల భాష తెలుగు. పాలన భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికీ బోధన భాష ఉర్దూయే. అటువంటి చోట తెలుగు పుస్తకం చదవడమే ఒక పౌర హక్కును కోరడం. భాషానిలయం స్థిరపడిన సుల్తాన్ బజార్ ఆనాడు బ్రిటిష్ రెసిడెన్సీ పరిధిలో ఉండేది. 1933లో గానీ తిరిగి నిజాం పాలన కిందికి రాలేదు. సంస్థానంలో సభ పెట్టాలంటే అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 రోజుల్లో ఈ భౌగోళిక వాస్తవం చిన్నది కాదు.

1921లో భాషానిలయానికి సొంత భవనం సమకూరింది. అదే ఏడాది నవంబరులో, నగరంలోని వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. గ్రంథాలయాల స్థాపన దాని ఆశయాల్లో ఒకటి. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో ఆంధ్ర మహాసభ తొలిసారి సమావేశమైంది. తరువాతి దశాబ్దంలో ఆ వేదికే రైతాంగ పోరాటానికి బాట వేసింది.

నాటి ప్రభుత్వం చదువరుల గుంపును అనుమానించింది. నేటి ప్రభుత్వాలు అనుమానించవు, పట్టించుకోవు. ఆస్తి పన్నుపై రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సును పౌరులు నేటికీ చెల్లిస్తున్నారు. స్థానిక సంస్థలు వసూలు చేసే ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు మాత్రం పాతబడదు. చందాలతో, దాతృత్వంతో భాషానిలయాన్ని నిలబెట్టిన తరం పన్ను కోసం ఎదురుచూడలేదు. కానీ ప్రజల డబ్బు వసూలు చేసిన ప్రజాస్వామ్యానికి ఆ సాకు చెల్లదు. ఏ పార్టీ ప్రణాళికలోనైనా గ్రంథాలయానికి ఒక్క వాక్యం దక్కిందేమో వచ్చే ఎన్నికల్లో వెతికి చూడాలి.